నల్ల ద్రాక్ష, తెల్ల రసం

9 ఫిబ్రవరి 2025, ఆదివారం. మధిర.

ద్రాక్ష జోరుగా దిగుతోంది. తెల్లారేసరికి వచ్చిన లోడులో ముప్పాతిక వంతు పచ్చ సీడ్‌లెస్సే. సోనాకా ఒక పక్క, మాణిక్ చమన్ ఒక పక్క పేర్పించాను. కొనేవాళ్లకు ఆ తేడా పట్టదు, అన్నీ ‘సీడ్‌లెస్సే’. ఆ మాటా నిజమే, అన్నీ ఒక తల్లి పిల్లలే. ఇరాన్, టర్కీ దేశాల్లో తరతరాలుగా కిష్మిష్‌కు ఎండబెట్టే ద్రాక్షను 1870ల్లో విలియం థామ్సన్ కాలిఫోర్నియాలో పెంచాడు. అప్పటినుంచి అది థామ్సన్ సీడ్‌లెస్ అయింది. మహారాష్ట్ర రైతులు తమ తోటల్లో ఏ తీగకైనా కాయ పొడుగ్గానో లావుగానో కాస్తే ఆ కొమ్మ కోసి కట్టింగులు పెట్టుకున్నారు. సోనాకా, తాస్-ఏ-గణేశ్, మాణిక్ చమన్ అన్నీ అలా వచ్చినవే.

ఒక పెళ్లికని అక్క కొడుకు వచ్చాడు. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువు, ఇప్పుడు శిక్షణ నాసిక్‌లో. మార్చిలో పరీక్ష, అందులో వైన్ల మీద ఒక పేపరు. ఖాళీ క్రేటు బోర్లించుకుని కొట్టులో కూర్చుని పేర్లు వల్లె వేస్తున్నాడు: షార్డొనే, రీస్లింగ్, షెనిన్ బ్లాంక్, కాబర్నే సోవిన్యాన్, మెర్లో, పినో నువార్. ఎక్కాలు చదివినట్టు చదువుతుంటే నాకు మనసొప్పలేదు. ఇవన్నీ పండ్ల పేర్లు కదా అన్నాను. అవునన్నాడు. ఒక్క పండైనా చూశావా అంటే, సీసాలు చూశాను మామయ్యా, పండు చూడలేదు అన్నాడు.

నాసిక్‌లో ఉండి చూడకపోవడమేంట్రా! ఆ తోటల్లో ఇప్పుడు కోతలే. ఈసారి వచ్చేటప్పుడు రకానికి రెండు గుత్తులు పట్రా, పండు నోట్లో వేసుకుని అప్పుడు పేరు చదువుదాం అని చెప్పి సాయంత్రం బండెక్కించాను.

నేను మందు ముట్టను, మా నాన్నా ముట్టలేదు. కానీ ఇన్నేళ్లు ద్రాక్ష అమ్ముతూ, లోకంలో పండే ద్రాక్షలో సగానికి దగ్గరగా సీసాల్లోకే పోతుందని తెలిసీ, ఆ పండెలా ఉంటుందో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తెలుసుకోవాలని గట్టిగా ఉంది.

12 ఫిబ్రవరి, బుధవారం.

పొద్దున ఒక పెద్దాయన వచ్చి ‘అనాబ్ షాహి ఉందా’ అని అడిగాడు. ఆ పేరు మా కొట్టులో వినపడి ఎంత కాలమైందో!

నాన్న రోజుల్లో ద్రాక్ష అంటే అదే. హైదరాబాద్ నుంచి రైల్లో వెదురు బుట్టల్లో వచ్చేది. బుట్టలో అడుగున ఎండుగడ్డి, పైన కాగితం. గుత్తి బరువుగా తూగేది. పండు పొడుగు, రంగు లేత పచ్చ, మాగితే తేనె రంగు తిరిగేది. లోపల గింజలుండేవి, ఎవరూ వాటిని తప్పు పట్టేవాళ్లు కాదు. పిల్లలు గింజలు ఉమ్మే పందెం వేసుకునేవాళ్లు.

అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన 1890లో దాన్ని హైదరాబాద్‌కు తెచ్చారని ఉద్యానశాఖ పుస్తకాల్లో ఉంది. దక్కనుకు ద్రాక్ష అంతకు చాలా ముందే వచ్చింది. తుగ్లక్ రాజధానిని దౌలతాబాద్‌కు మార్చిన పద్నాలుగో శతాబ్దంలో అక్కడ తోటలు వేశారని చెబుతారు. ఔరంగాబాద్ అప్పట్లో నిజాం ఏలుబడిలోదే కాబట్టి అక్కడి తీగలు హైదరాబాద్‌కు చేరడం కష్టమేం కాలేదు. తర్వాత శామీర్‌పేట, మేడ్చల్, కీసర, ఘట్‌కేసర్ చుట్టూ పందిళ్లే పందిళ్లు. అనాబ్ షాహి దిగుబడిలో ఎకరానికి ఇంకే రకమూ దాని దగ్గరికి వచ్చేది కాదు.

ఇప్పుడా పందిళ్ల చోట వెంచర్లు. బోర్లు ఎండాయి, కూలీలు దొరకలేదు, గజం ధర ఎకరం పంటను మించింది. నగరం అంచున ఏ తోటకైనా తప్పని గతే ఇది, రైతును తప్పు పట్టను. కానీ తెలుగునేల పేరు చెప్పి ప్రపంచం ముందు పెట్టదగ్గ ద్రాక్ష ఒకటుండేదని మా పిల్లలకు తెలియదు. రాజేంద్రనగర్‌లో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల ద్రాక్ష పరిశోధనా కేంద్రం ఉంది, రకాలు ఇంకా అక్కడ బతికే ఉన్నాయి. సీజన్లో జనాన్ని లోపలికి పిలిచి కోసుకోనిస్తారు కూడా.

పెద్దాయనకు లేదని చెప్పలేక దిల్‌ఖుష్ ఎక్కడైనా దొరికితే కబురు చేస్తానన్నాను. అది అనాబ్ షాహి నుంచి పుట్టిందే, కర్ణాటక వైపు పండిస్తారు.

17 ఫిబ్రవరి, సోమవారం.

మేనల్లుడు ఫోన్‌లో పాఠం చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నా.

ద్రాక్ష రసంలో చక్కెర ఉంటుంది. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. చక్కెరను కొలిచే లెక్క పేరు బ్రిక్స్. మా థామ్సన్ 17, 18 బ్రిక్స్‌కు వస్తే కోసేస్తారు, తినడానికి ఆ తీపి చాలు. వైన్ పండు 22 నుంచి 25 దాకా తీగ మీదే ఆగాలి. 24 ఉంటే సీసాలో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా తేలుతుంది.

తీపి ఒక్కటే ఉంటే వైన్ చప్పగా కూలబడిపోతుందట, పులుపూ కావాలి. చలిప్రదేశంలో పులుపు నిలుస్తుంది, వేడిలో తీపి పెరిగే కొద్దీ పులుపు జారిపోతుంది. నాసిక్ సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల ఎత్తు, బెంగళూరు దగ్గర నంది కొండల కింది తోటలు తొమ్మిదివందలు. పగలు ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది. మన మధిరలో మార్చి దాటితే రాత్రి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. అందుకే నల్లరేగడిలో మిర్చీ పత్తీ తప్ప ఇటువైపు ద్రాక్ష పందిరి కనపడదు.

మూడోది వగరు. తొక్కలో, గింజలో, తొడిమలో ఉంటుంది. వాళ్ల భాషలో టానిన్. ఎర్ర వైన్‌కు నిలవ ఉండే బలం అదే ఇస్తుంది.

ఇది విన్నప్పటినుంచి ఒకటే ఆలోచన. గిరాకీ గుత్తి చేతికి తీసుకుంటే ముందు చూసేది పండు సైజు. తర్వాత ఒకటి నోట్లో వేసుకుని గింజ తగిలితే గుత్తి పక్కన పెడతాడు, తొక్క మందంగా ఉన్నా పెడతాడు. పండు లావెక్కడానికి తోటలో గుత్తుల్ని జిబ్బరెలిక్ యాసిడ్ నీళ్లలో ముంచుతారు. కొట్టులో మేము ఏ గుణాలు చూసి పండు వద్దంటామో వైన్ చేసేవాడు అవే కావాలంటున్నాడు. చిన్న పండైతే రసం తక్కువ, తొక్క ఎక్కువ. రంగు, వాసన, వగరు ఉండేది ఆ తొక్కలోనే.

25 ఫిబ్రవరి, మంగళవారం.

రేపు శివరాత్రి. ఏడాది మొత్తంలో ద్రాక్ష ఎక్కువగా పోయేది ఈ రెండు రోజులే. ఉపవాసాల వాళ్లు కిలోల లెక్కన పట్టుకెళ్తున్నారు. ఏటి ఒడ్డున శివాలయం దగ్గరికి తోపుడుబండ్ల వాళ్లు మధ్యాహ్నానికే పెట్టెలు ఎత్తించుకుపోయారు.

ఈ హడావిడిలోనే మేనల్లుడు దిగాడు. చేతిలో మిఠాయి అట్టపెట్టె, అందులో కాగితాల మధ్య గుత్తులు. రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. రాత్రి కొట్టు కట్టేశాక షట్టరు సగం దించి గల్లాపెట్టె మీద పరిచాం.

మొదట షెనిన్ బ్లాంక్. గుత్తి గట్టిగా బిగిసి ఉంది, పండు మీద పండు ఎక్కి వేలు దూర్చే సందు లేదు. ఆకుపచ్చ నుంచి పసుపులోకి తిరిగిన రంగు. నోట్లో వేసుకుంటే తీపి ఒక్కసారిగా నాలుకంతా పట్టేసింది, వెనకే పులుపు దవడల్ని లాగింది. ఈ రెండూ ఇంత గట్టిగా ఒకే పండులో నేనెప్పుడూ చూడలేదు. తొక్క నమిలితే కొంచెం పీచు తగిలింది.

తర్వాత షిరాజ్. చిన్న పండు, కోలగా, నల్లనిది. కొన్ని అప్పటికే కొద్దిగా ముడతలు పడ్డాయి. ఆ రకానికి అది మామూలే, మాగితే నీరు లాగేసుకుంటుందట. మా కొట్టుకైతే తరుగులోకి పోయేవి.

చివరకు కాబర్నే సోవిన్యాన్. ఎంత చిన్నది! గుండ్రంగా, నీలం కలిసిన నలుపు, పైన తెల్లటి పొడి మందంగా పట్టి ఉంది. వేలితో రాస్తే కింద తొక్క మెరిసింది. కొరికితే తొక్క ఒక పట్టాన తెగలేదు. లోపల గుజ్జు కొంచెమే, గింజలే గింజలు. తీపి బాగానే ఉంది కానీ, తొక్క నమిలే కొద్దీ పచ్చి వక్క కొరికినట్టు నాలుక బిర్రబిగిసింది. గింజ కొరికి చూడమన్నాడు. గోధుమరంగు తిరిగిన గింజ, పటుక్కుమంది. గింజ ఇంకా పచ్చగా ఉంటే చేదుగా ఉంటుంది, ఇలా పొడిగా విరిగితే కోతకు వచ్చినట్టు గుర్తని తోటలో చెప్పారట.

అప్పుడు వాడు ఒక నల్ల పండు తీసుకుని తొక్క చిట్లకుండా మెల్లగా నొక్కి రసం తెల్ల పళ్లెంలో పిండాడు. రసానికి రంగే లేదు! మసక నీళ్లలాగే ఉంది. ఇంకొకటి నేను నొక్కాను, అదీ అంతే. రంగంతా తొక్కదే. నల్ల పండును పిండి తొక్కలు వెంటనే తీసేస్తే తెల్ల వైన్ వస్తుంది. తొక్కలతో సహా రోజుల తరబడి పులియనిస్తే ఎర్రది. కొన్ని గంటలే ఉంచితే గులాబీ రంగుది, దాన్ని రోజే అంటారు. షాంపేన్‌లోకి పోయే ద్రాక్షలో పెద్ద భాగం నల్లదేనట! లోపలి కండ కూడా ఎర్రగా ఉండే రకాలు ఉన్నాయి కానీ అరుదు, అలికాంట్ బుషే అలాంటిది.

పళ్లెం పక్కకు జరిపి చాలాసేపు మాట్లాడుకున్నాం. అక్క ఫోన్ చేసి తిట్టేదాకా లేవలేదు.

27 ఫిబ్రవరి, గురువారం.

నిన్న జాగారం. ఇవాళ గిరాకీ పలచన. వాడితో కూర్చుని తెల్ల రకాలు పూర్తి చేశాం. పండు లేనివాటికి వాసన దేనిదో వెతుక్కుంటూ పోయాం.

షార్డొనే: ఫ్రాన్స్‌లో బర్గండీ దాని ఊరు. తనకంటూ గట్టి వాసన లేని పండు, ఎక్కడ పండిస్తే ఆ నేలదీ, ఎలా చేస్తే ఆ చేతిదీ రుచి తెచ్చుకుంటుంది. ఓక్ పీపాలో ఉంచితే వనిల్లా వాసన పడుతుంది. బాక్టీరియాతో పులుపు మెత్తబరిస్తే వెన్న వాసన వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ వెన్నను పండుదే అనుకుంటారని వాళ్ల మాస్టారు హెచ్చరించారట. దీని పుట్టుక 1999లో డీఎన్ఏతో తేల్చారు. తల్లిదండ్రుల్లో ఒకటి గొప్పింటి పినో, ఇంకోటి గువే బ్లాంక్ అనే అనామక ద్రాక్ష. నాసిరకమని రైతులు ఎన్నోసార్లు పీకి పారేసింది గువేనే.

సోవిన్యాన్ బ్లాంక్: దీన్ని నేను ముక్కుతోనే పట్టుకోగలను. క్యాప్సికమ్ కోస్తే వచ్చే పచ్చి వాసన ఉంది చూడు, ఆ వాసన ఇచ్చే పైరజీన్ పదార్థాలే ఇందులోనూ ఉన్నాయి. గుత్తికి ఎండ బాగా తగిలి, పండు మాగితే ఆ వాసన తగ్గిపోతుంది. న్యూజిలాండ్‌లో మార్ల్‌బరో అనే చోట దీన్ని చలిలో పండించి ఆ పచ్చిదనంతోనే పేరు తెచ్చుకున్నారు.

రీస్లింగ్: జర్మనీ పండు. మోసెల్ నది ఒడ్డున నిలువు కొండవాలుల మీద పెంచుతారు. పులుపు దీని ప్రాణం. బాగా తీపిగా చేసినా వెగటు పుట్టదు, పదేళ్లు దాచినా చెడదు. పాతబడితే కిరసనాయిలు లాంటి వాసన వస్తుందట, ఇష్టపడేవాళ్లు దానికోసమే కొంటారట.

షెనిన్ బ్లాంక్: మొన్న తిన్నదే. ఫ్రాన్స్‌లో లువార్ నది దగ్గర పుట్టింది. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఇదే. మన దేశపు తెల్ల వైన్లలోనూ దీనిదే ముందువరస. వేడిలో కూడా పులుపు విడవదు, అందుకే నాసిక్‌కు అతికింది. సులా వాళ్లు 2000లో మొదటి వైన్లు తెచ్చినప్పుడు షెనిన్, సోవిన్యాన్ బ్లాంక్‌లతోనే మొదలుపెట్టారు. కొత్తవాడు ఏది ముందు రుచి చూడాలని నన్నడిగితే, తాగని నేను కూడా ఈ పండు పేరే చెబుతాను. ఇందులో తీపీ పులుపూ దేనికది విడిగా తెలుస్తాయి, మిగతావాటిని దాంతో పోల్చుకోవచ్చు.

మస్కట్: ఇది మాత్రం మనకు పరాయిది కాదు. తమిళనాడులో కంబం లోయ పన్నీర్ ద్రాక్ష మస్కట్ హాంబర్గే, 2023లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరులోనే పన్నీరుంది, పండు కొరికితే గులాబీ వాసన. వైన్ చేశాక కూడా ద్రాక్షపండు వాసనే వచ్చే రకం ఇదొక్కటే అని చదివాడు వాడు. మిగతావన్నీ పులిసేసరికి నిమ్మ, జామ, తేనె, గడ్డి అంటూ వేరే వాసనల్లోకి వెళ్లిపోతాయి.

5 మార్చి, బుధవారం.

రంజాన్ మొదలైంది. సాయంత్రం నాలుగు నుంచి ఇఫ్తార్ గిరాకీ. పుచ్చకాయ, బొప్పాయి, ద్రాక్ష. ద్రాక్షలో రాలుడు పండ్లు కూడా అయిపోతున్నాయి, ముక్కలు కోసి కలపడానికి అవే మేలు.

వాడు నాసిక్ చేరి ఎర్ర రకాల నోట్సు ఫొటోలు తీసి పంపాడు. రాత్రి చదివాను.

కాబర్నే సోవిన్యాన్ సంగతి చదివి లేచి కూర్చున్నాను. దీని తల్లిదండ్రులెవరో వందల ఏళ్లు ఎవరికీ తెలియదు. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో కారొల్ మెరిడిత్, జాన్ బౌవర్స్ డీఎన్ఏ చూసి చెప్పారు: కాబర్నే ఫ్రాంక్ అనే నల్ల ద్రాక్ష, సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష. బోర్డో దగ్గర తోటలో ఎప్పుడో వాటికవే కలిసి గింజ పడి మొలిచింది. పచ్చిగా కోస్తే దీనిలోనూ క్యాప్సికమ్ వాసన వస్తుందని పై పేజీలో రాశాడు. అమ్మానాన్నలిద్దరిలోనూ ఆ వాసన ఉంది మరి, బిడ్డకు రాకుండా ఎలా ఉంటుంది! ఇక పరీక్షలో వాడు ఈ రెండు పేర్లూ మరిచిపోడు.

మెర్లో: అదే బోర్డోలో పుట్టింది, అదే కాబర్నే ఫ్రాంక్ దీనికీ ఒక పక్క. తొక్క కొంచెం పలచన, ముందే మాగుతుంది, వగరు మెత్తన. అందుకే రెండిటినీ కలిపి చేస్తారు, ఒకదాని గట్టిదనానికి ఇంకోదాని మెత్తదనం.

పినో నువార్: పలచటి తొక్క, చలి కావాలి, జబ్బులు తొందరగా పడతాయి. బర్గండీలో దీని కోసం తరాలు ధారపోశారు. ఇది మన ఎండకు నిలవదు.

షిరాజ్: ఫ్రాన్స్‌లో సిరా, ఆస్ట్రేలియాలో షిరాజ్. ఇందులో మిరియం వాసన ఉంటుంది. ఉత్తినే పోలిక కాదు. మిరియంలో ఆ వాసనకు కారణమైన రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ తొక్కలో ఉందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఇంకో విచిత్రం, అయిదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదట. వాడికి తెలుస్తుందో లేదో మిరియాలు నూరి పెట్టి చూడాలి. వేడిని తట్టుకునే గుణం వల్ల నాసిక్‌లోనూ కర్ణాటకలోనూ ఎర్ర వైన్‌కు ఇది ముఖ్యం. నంది కొండల దగ్గర కన్వల్ గ్రోవర్ 1988లో ఫ్రెంచి ద్రాక్షలతో తోట మొదలుపెట్టినప్పటి నుంచి కాబర్నే, షిరాజ్ జంట మన దేశంలో నడుస్తోంది.

జిన్‌ఫాండెల్: అమెరికా వాళ్లు తమదే అనుకున్నారు. తీరా చూస్తే క్రొయేషియా సముద్రతీరపు పాత పండు, ఇటలీలో ప్రిమిటివో పేరుతో ఉన్నదీ ఇదే. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు ఎండుద్రాక్ష అవుతుంటే కొన్ని ఇంకా పచ్చిగా ఉంటాయి. అలాంటి గుత్తి కోతకు ఎప్పుడు వచ్చిందో తేల్చాలంటే అనుభవం ఉండాలి.

మాల్బెక్, టెంప్రానియో, సాంజియోవేజే ఇంకా ఉన్నాయి. అర్జెంటీనా, స్పెయిన్, ఇటలీ అని పక్కన రాసుకున్నాను. పండు చూడకుండా అంతకంటే రాయాలని లేదు.

18 మార్చి, మంగళవారం.

పేపరు బాగా రాశాడట. కాబర్నే వంశం అడిగారు, షిరాజ్ వాసన అడిగారు. అక్క స్వీట్లు పంపింది. లోడు తగ్గింది, ధర పెరిగింది.

16 ఏప్రిల్, బుధవారం.

ఎల్లుండి శుభ శుక్రవారం. చర్చి పెద్దలు నల్ల ద్రాక్షకు ఆర్డరిచ్చారు, రేపు రాత్రి ప్రభువు బల్లకు. వాళ్లకు సీడ్‌లెస్ పనికిరాదు. బెంగళూరు బ్లూనే కావాలి, గింజలదే, గుండ్రటిదే. ఏటా అక్కడ రసం కాచే అమ్మ పండు వాసన చూసి మరీ తీసుకుంటుంది.

ఆమె చేసే పద్ధతి ఈసారి అడిగి రాసుకున్నాను. పండ్లు కడిగి తొడిమలు తీసి, కొంచెం నీళ్లతో మూతపెట్టి ఉడికిస్తుంది. తొక్కలు చిట్లి రసం ఎర్రబడ్డాక పలచటి గుడ్డలో వడగట్టి, పంచదార వేసి మళ్లీ ఒక పొంగు రానిచ్చి చల్లారుస్తుంది. పొంగు రానివ్వకపోతే రెండు రోజుల్లో బుడగలు లేస్తాయి అంది. పండు తొక్క మీదా, గాలిలోనూ ఉండే ఈస్ట్‌ను ఆ పొంగు చంపుతుంది, తొక్కలోని రంగును ముందు ఉడికించిన వేడి దించుతుంది. నాసిక్ వాళ్లు పులియబెట్టి దించే రంగును ఈమె పొయ్యి మీద దించుతోంది.

అమెరికాలో వెల్చ్ అనే పళ్ల డాక్టరు 1869లో సరిగ్గా ఇదే పని చేశాడు. చర్చిలో పులియని రసం ఇవ్వాలని కాంకర్డ్ ద్రాక్ష రసాన్ని వేడిచేసి సీసాల్లో పట్టాడు, ద్రాక్షరసం వ్యాపారం అక్కడినుంచే మొదలు. కతోలిక చర్చిది వేరే నియమం. పూజకు ద్రాక్షపండు నుంచి వచ్చిన అసలు వైనే ఉండాలి, చెడినది ఉండకూడదు అని వాళ్ల ధర్మశాస్త్రంలో ఉంది.

ఈ బెంగళూరు బ్లూ కథ వాడు చెప్పాక ఆ పండును చూసే చూపే మారింది. ఇది ఇసబెల్లా అనే అమెరికా ద్రాక్ష. పైన రాసిన ఫ్రెంచి, జర్మన్ రకాలన్నీ వినిఫెరా జాతి. ఇసబెల్లాలో సగం అమెరికా అడవి ద్రాక్ష లబ్రస్కా రక్తం. తొక్క గుజ్జు నుంచి జారి ఊడి వచ్చేస్తుంది, వినిఫెరాలో అలా రాదు. వాసనా వేరు. 1934లో ఫ్రాన్స్ నిషేధించిన ఆరు రకాల్లో ఇసబెల్లా ఒకటి.

నాకు ఈ నిషేధం అన్యాయంగా తోస్తుంది. అమెరికా తీగలతో పాటు ఫిలాక్సెరా అనే వేరుపురుగు 1860ల్లో ఫ్రాన్స్ చేరి తోటలకు తోటలు చంపిన మాట నిజమే. కానీ చివరకు వాళ్ల తోటల్ని నిలబెట్టింది కూడా అమెరికా వేరే. పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మ అంటుకట్టారు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ తోటలు అలాగే నిలబడ్డాయి. మహారాష్ట్రలో థామ్సన్‌ను కూడా డాగ్‌రిడ్జ్ అనే టెక్సాస్ వేరు మీద కడతారు, అక్కడ పురుగు కోసం కాదు, ఉప్పునీటికీ కరువుకీ. బెంగళూరు బ్లూ అయితే ఏ అంటూ లేకుండా బతుకుతుంది, ఏడాదికి రెండు పంటలిస్తుంది, పేదవాడి ధరకు దొరుకుతుంది. దాన్ని తక్కువ రకమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. వైన్‌కు కాబర్నే గొప్పదైతే కావచ్చు. రేపు బల్ల మీదికి మాత్రం ఈ పండే కావాలి.

పెట్టెలు విడిగా తీయించి పెట్టాను. రాలుడు ఒక్కటీ కలవకుండా చూసుకోవాలి.

27 ఏప్రిల్, ఆదివారం.

ఎండ మండిపోతోంది. కొట్టు నిండా మామిడి. ద్రాక్ష ఇక అయిపోయినట్టే, వచ్చిన కొద్దిదీ శీతల గిడ్డంగి సరుకు.

నాసిక్‌లో ఇప్పుడు కత్తిరింపులట. యూరప్‌లో తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురేసి సెప్టెంబరు, అక్టోబరులో కోతకు వస్తుంది. మన దక్కనులో దానికి నిద్ర లేదు. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తారు. మొదటిది కొమ్మ కోసం, రెండోది కాయ కోసం. ఈ రెండు కత్తిరింపుల లెక్క తెలియబట్టే షిరాజ్, షెనిన్ లాంటి చలిదేశపు పండ్లు మన దగ్గర ఫిబ్రవరిలో కోతకు వస్తున్నాయి. ఇది మన రైతుల పనితనం. వాడి పుస్తకంలో దీనికి రెండు లైన్లే ఇచ్చారని చెబితే కోపం వచ్చింది.

ఇంటి వెనక ఖాళీ జాగాలో పందిరి వేసి ఒక ద్రాక్ష తీగ పెట్టాలని ఉంది. బెంగళూరు బ్లూ పెట్టు మామయ్యా, ఎండకు ఆగుతుంది, చాకిరీ తక్కువ అంటాడు వాడు. మాట నిజమే. కానీ నా మనసు అనాబ్ షాహి మీదే ఉంది. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లుతుందేమోనని భయం. గుంత లోతుగా తీసి ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు నింపి కాస్త ఎత్తు చేసుకుంటే ఆగవచ్చు. కట్టింగులు అక్టోబరు కత్తిరింపప్పుడే దొరుకుతాయి. అప్పుడు రాజేంద్రనగర్ వెళ్లి అడగాలి. రెండు రకాలూ ఇస్తే రెండూ పెడతాను, ఒకటే ఇస్తామంటే అనాబ్ షాహి అడుగుతాను. ఈలోపు గుంత తీయించి, వేసవి ఎండకు మట్టి కాగనివ్వాలి. రేపు కూలీలతో మాట్లాడాలి.